తేనె రంగు పూత

పూండి స్టేషనులో పాసింజరు ఆగీ ఆగకముందే కాంతమ్మ ఎక్కేసింది. కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోలేకపోయింది. లేచి తలుపు దగ్గరకు వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది. జీడితోటలు వెనక్కి పోతున్నాయి. ఎంత వేగంగా పోయినా ఆమెకు రైలు నడుస్తున్నట్టే అనిపించలేదు.

"ఏటప్పా, గంప లేకుండా బయల్దేరినావు? ఇయాల సేపల్లేవా?" తలుపు దగ్గర చతికిలబడిన తమలపాకుల మనిషి పలకరించింది.

కాంతమ్మ ఉలిక్కిపడింది. "లేవమ్మా. పలాసలో పెద్దకొడుకున్నాడు. సూడ్డానికెల్తన్నాను. జీడి కార్ఖానాలో సేత్తన్నాడు. ఇంకో కొడుకు టెక్కలిలో ఉన్నాడు" అని అడగనివి కూడా చెప్పింది. చెప్పాక గొంతు తనది కానట్టు తోచింది. ఆమెను ఒక మనిషి నోరారా పలకరించి నెల దాటింది.

కాంతమ్మ కుటుంబం వెలిలో ఉంది. వజ్రపుకొత్తూరుకు దిగువన సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆమె పేటలో ఎవరూ ఆ ఇంటివారితో మాట్లాడరు. నిప్పు ఇవ్వరు, నూతిలో చేద వేయనివ్వరు, వేటకు పోయే బోటులో చోటివ్వరు. అలా అని డప్పు కొట్టించి మరీ చాటారు.

దానికి కారణం ఒక బొమ్మ. సముద్రం మీద తిరిగి తిరిగి ఇక పనికిరాదని తేలిన తెప్పను విప్పినప్పుడు, దాని నడిమి దుంగలోంచి ఒక పలక తీయించి, దాని మీద గంగమ్మ రూపు రాయించి గుడిలో నిలపడం ఆ పేట ఆచారం. రాయడం ముగిశాక పలక మీద పసుపుబట్ట కప్పుతారు. సంబరం తొలినాడు కులపెద్ద తన చేత్తో ఆ బట్ట తీసేవరకు దానిని ఎవరూ చూడకూడదు, తాకకూడదు. ఈసారి బొమ్మ రాసినవాడు కాంతమ్మ చిన్నకొడుకు ధనరాజు. చిన్నతనం నుంచి పడవల పక్కల మీద చేపలూ పువ్వులూ పేర్లూ రాసి చేయి తిప్పుకున్నవాడు. ఉప్పుగాలికి ఆ రంగులు ఒక్క ఏడాదిలో పెచ్చులూడిపోతుంటే గట్టున కూర్చుని దిగులుపడేవాడు.

అతన్ని రాయమని వచ్చి అడిగింది కులపెద్ద గోవిందే. ఆ మాటలు కాంతమ్మకు ఒక్కటి కూడా తప్పకుండా గుర్తున్నాయి.

"ఈళ్ళయ్య పోయి ఏడాది తిరగలేదు బావా. మైల కదా" అని ఆమే అడ్డం చెప్పింది. ఉద్దానంలో ఎందరినో తినేసిన మూత్రపిండాల జబ్బే ఆమె భర్తనూ తినేసింది.

"గంగమ్మ తల్లికి మైలేటి కాంతం? పిల్లడి సేతిలో కళుంది. రాయమను" అన్నాడు గోవిందు.

ధనరాజు రాశాడు. సంబరం తొలినాడు పలకను గుడి ముందు ఎండలో నిలిపి బట్ట తీసినప్పుడు పేట అంతా చేతులెత్తి మొక్కింది. తల్లి మొహం నిగనిగలాడింది, కళ్ళు బతికున్నట్టు చూశాయి. మర్నాటికి చెంపల మీద నీడ వంటిది కమ్మింది. సంబరం ముగిసేసరికి మొహం మొత్తం నల్లబడింది. దీపం మసి అన్నారు, తుడిచారు, పోలేదు. సంబరం తరవాత తొలి వేటకు వెళ్ళిన బోటు కెరటాల్లో తిరగబడింది. గోవిందు ఒక్కగానొక్క కొడుకు శవమై మూలపేట గట్టుకు కొట్టుకువచ్చాడు.

శవం ఇంట్లో ఉండగానే పంచాయితీ పెట్టారు. మైల చేత్తో బొమ్మ రాశాడు కాబట్టి తల్లి మొహం మాడ్చుకుందని, అందుకే బిడ్డను మింగిందని తేల్చారు. రాయమన్నది తానేనని గోవిందు అనలేదు. పక్కనున్న పెద్దల్లో ఒక్కడూ గుర్తు చేయలేదు. ధనరాజు తలెత్తి నిలబడ్డాడు కాని నోరు విప్పలేదు. తెల్లారి టెక్కలి వెళ్ళిపోయి, గ్రానైటు రాళ్ళు పాలిష్ పట్టే షెడ్డులో కూలికి చేరాడు.

కాంతమ్మ ఇప్పుడు పలాస వెళ్తున్నది ఒకే పని మీద. రాబోయే అమావాస్యనాడు, వేట మాని మగవాళ్ళంతా రామమందిరం దగ్గర చేరినప్పుడు, పెద్దకొడుకు కూర్మారావు వచ్చి తమ్ముడి తరఫున నాలుగు మాటలు చెప్పాలి. తండ్రి జబ్బున పడ్డాక ఆసుపత్రి ఖర్చుల కోసం సముద్రాన్ని వదిలి కార్ఖానాలో చేరినవాడు. వేరు కాపురం గనక వెలి అతనికి తగల్లేదు, అతని మాటకు పేటలో విలువుంది.

పలాసలో దిగగానే కాలిన జీడితొక్కల ఘాటు ముక్కుకు తగిలింది. కాశీబుగ్గ వైపు సందుల్లో పడి ఆమె దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. కూర్మారావు రాత్రి డ్యూటీ దిగి ఇంట్లోనే ఉన్నాడు. కోడలు పార్వతి జీడిపిక్కలు కొట్టడానికి వెళ్ళింది.

"కూకో అమ్మా. కొత్త బల్ల, నానే సేసేను" అన్నాడు. కళ్ళు మాత్రం తల్లి మొహం మీద నిలపలేదు.

కాంతమ్మ కూర్చోలేదు. కిటికీ కింద వేసిన ఆ బల్లను చూస్తూ నిలబడిపోయింది. లోపలివైపు సగం తేనె రంగులో మెరుస్తోంది. కిటికీ వైపు సగం నల్లగా ఉంది. రెంటికీ మధ్య, కిటికీరెక్క నీడ పడే మేర, గీత గీసినట్టు హద్దు ఏర్పడింది.

"ఈ నలుపేటిరా?"

"ఏ నలుపు?"

"బల్లకి. ఇటు తేనెలాగున్నాది, అటు బొగ్గులాగున్నాది."

"అదా... జీడినూనె పూసేను. ఎండ తగిలి..." మాట సగంలో తెగిపోయింది.

కాంతమ్మ దగ్గరకు వెళ్ళి ఆ నలుపు మీద అరచేయి ఆనించింది. నెల రోజులుగా కళ్ళు మూసినా తెరిచినా ఆమెకు కనిపిస్తున్న నలుపు అదే. వేరే నలుపు కాదు.

"తమ్ముడి బొమ్మ మీద ఏటి పూసేవురా, కూర్మా?"

అతడు నేల మీద కూలబడ్డాడు.

"పడవల మీదకి పూసే నూనె కాదమ్మా ఇది. అది కాల్సిన పిక్కలది, నల్లగుంటాది. ఇది కొత్త మరలో తొక్కలు పిండి తీసింది. తేనెలాగుంటాది. నల్లబడదనుకున్నాను."

"ఎప్పుడు పూసేవు?"

"పెద్దవలలో సేపలు పడినాయని ఊరంతా గట్టుకి పోనాది సూడు, ఆ మద్దేనం. ఆడు రాసినయ్యన్నీ ఉప్పుగాలికి ఊడిపోతన్నాయి కదా. ఇదైనా ఉండాల, మా పిల్లల కాలం దాకా ఉండాల అనుకున్నాను. బట్ట తీసేను. ఆ కళ్ళు సూసేనమ్మా. విశాఖ ఆసుపత్రిలో మంచం మీదనుంచి అయ్య నాకేసి సూసేవోడే, అచ్చం అలగే ఉన్నాయి. దండమెట్టుకుని, గుడ్డ ముంచి పల్చగా పూసి, మళ్ళీ కప్పీసినాను."

కాంతమ్మ అంతా విన్నది. అతని ప్రేమలో ఆమెకు అనుమానం లేదు. కాని ఆమె అడగదలచింది ప్రేమ గురించి కాదు.

"నల్లబడతన్నప్పుడు నీకు తెల్సినాదా?"

"రెండో నాడే తెల్సినాది."

"మరి పంచాయితీ నాడు?"

"గోవిందు మావ కొడుకు శవం ఇంట్లో ఉన్నాది. కుర్రోళ్ళు కర్రలట్టుకునున్నారు. భయమేసినాదమ్మా. తరవాత సెప్దామనుకున్నాను. ఒకనాడు దాటితే ఇంకోనాడు... తరవాత నోరే రాలేదు."

"భయం నీది. వెలి ఆడిది" అంది కాంతమ్మ. "బాగా పంచుకున్నార్రా అన్నదమ్ములు."

"అమ్మా, నీకు దండమెడతాను. కొన్నాళ్ళాగు. నానే ఏదో ఒకటి..."

ఆమె మంచినీళ్ళు కూడా ముట్టకుండా బయటికి వచ్చేసింది.

నందిగాం మీదుగా పోయే టెక్కలి బస్సులో ఆమె మనసు ఒకచోట నిలవలేదు. ఒకసారి తానే రామమందిరం అరుగు ఎక్కి అరిచి చెప్పినట్టు ఊహించుకుంది. మరుక్షణం పెద్దవాడిని కర్రలతో చుట్టుముట్టినట్టు కనిపించింది. ఒకడిని నిలబెట్టాలంటే ఇంకొకణ్ణి పడగొట్టాలా? కాని నిజం తెలిశాక దాన్ని కొంగున ముడివేసుకుని బతకడం ఆమెకు చేతకాదు. చిన్నప్పటి నుంచీ చేతకాదు. వాటాల దగ్గర తమ్ములను మోసం చేశాడని సొంత మేనమామనే నలుగురిలో నిలదీసిన మనిషి ఆమె.

షెడ్డులో ధనరాజు తలనుంచి కాళ్ళ దాకా రాతిపిండితో తెల్లగా ఉన్నాడు. తల్లిని చూసి మిషను ఆపాడు.

"ఏటమ్మా, ఇంత దూరం? ఒంట్లో బాగుందా?"

"బాగుంది. ధనా, ఆ నలుపు నీ వల్ల కాదురా. నీ రంగుది కాదు, మైలదీ కాదు. మీ అన్న..."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"అన్న జీడినూనె పూసేడని. బట్ట తియ్యగానే తెలిసిపోనాది. అందరికీ ధూపం వాసనొచ్చినాది. నా బొమ్మ మీద పరాయి వాసనుంటే నాకు తెల్దేటి? ఆ పలక దగ్గర బట్ట తీసి నిలబడే గుండె పేటలో ఇంకెవడికుంది, ఆడికి తప్ప?"

కాంతమ్మకు కోపం వచ్చింది.

"తెలిసీ ఎందుకురా నోరు మూసుకుని నిలబడ్డావు? నన్నెందుకు ఈ నరకంలో పడేసేవు?"

"ఆడు సెప్తాడనుకున్నాను." ధనరాజు పక్కనున్న రాయి మీద అరచేయి రాస్తూ మాట్లాడాడు. "గోవిందు మావ తిడతన్నంతసేపూ ఆడికేసే సూసేనమ్మా. ఇప్పుడు సెప్తాడు, ఇదిగో ఇప్పుడు సెప్తాడని. ఆడు ఇసకలోకి సూత్తన్నాడు. నానాడి పేరెత్తితే ఆడిని ఈడ్చి కొడుదురు. ఎత్తలేదు. నానెత్తను, ఆడు సెప్పడు. మరేటి సెయ్యను?"

"నడు ఊరికి. అమాసనాడు నానే సెప్తాను."

"నువ్వు సెప్పకు. నువ్వు సెప్తే తల్లి ఒక కొడుకు కోసం ఇంకో కొడుకుని ఒప్పసెప్పినట్టు. ఆడే సెప్పాల, ఆడి నోటితో."

"సెప్పకపోతే?"

"సెప్పకపోతే నాకు అన్న లేడు. అన్నే లేనప్పుడు పేటుంటే ఏటి, లేకపోతే ఏటి." అతడు కుడిచేతిని పైకెత్తి చూపాడు. "ఓనరు బోర్డు మీద పేరు రాయమన్నాడు. కుంచె అట్టుకున్నాను. వణుకు. 'శ్రీ' కూడా సుట్టలేకపోనాను. బొమ్మ నల్లబడినందుకు కాదమ్మా, సెయ్యి ఇలగయిపోయింది."

కాంతమ్మ ఆ చేతిని పట్టుకోబోయింది. అతడు వెనక్కి తీసుకుని మళ్ళీ మిషను వేశాడు.

సాయంత్రానికి ఆమె మళ్ళీ కాశీబుగ్గ చేరింది. ఈసారి గడప దాటలేదు. కూర్మారావు డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్నాడు. పార్వతి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"ఆడికి తెలుసురా" అంది కాంతమ్మ. "మొదట్నించీ తెలుసు. పంచాయితీలో అంతసేపూ నీకేసే సూసేడంట, నువ్వు నోరిప్పుతావని."

కూర్మారావు చొక్కా గుండీ దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"అమాసనాడు రా. నాను సెప్పను. నీ పేరు నా నోట రాదు. నువ్వు రాకపోతే నాకూ ఒక్క కొడుకే అనుకుంటాను. ఏ కొడుకో నీకు తెలుసు."

"ఏటత్తా, ఏటయ్యింది?" అని పార్వతి వెనకే సందు చివరిదాకా వచ్చింది. "ఇంటికెల్లి మీ ఆయన్నడుగు" అని కాంతమ్మ వెనక్కి చూడకుండా స్టేషనుకు నడిచింది.

అమావాస్య దాకా ఆమెకు ఇంట్లోనూ వాకిట్లోనూ కాలు నిలవలేదు. నాలుక మీదున్న నిజం నిప్పుకణికలా కాలుస్తోంది. ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. నీళ్ళకు జీడితోటల అవతలి బోరింగు దాకా పోయి బిందె మోసుకు వస్తుంటే గోవిందు ఇంటి ముందు నుంచే దారి. గోవిందు భార్య బొడ్డమ్మ వాకిట్లో కూర్చుని ఉండేది. కొడుకు పోయిన నాటి నుంచీ ఆవిడ జడ కూడా వేసుకోవడం లేదు. వెలివేసినవారితో మాట్లాడకూడదు గనక కోడితో మాట్లాడేది.

"ఒసే కోడీ, కొందరికి సిగ్గుండదే. కొంపలు కూల్సి బిందెలెత్తుకు తిరుగుతారు."

మొదట్లో కాంతమ్మ తలవంచుకుని పోయేది. ఆ వారంలో ఒకనాడు మాత్రం ఆగిపోయింది.

"ఒసే కోడీ, అమాస దాకా ఆగమని సెప్పవే మీ యజమానురాలికి. ఆ తరవాత ఎవుల మొకం నలుపో సూద్దారి."

బొడ్డమ్మ ఒక్కసారి తలెత్తి చూసింది. కొడుకు పోయాక ఆవిడ కళ్ళల్లోకి సూటిగా చూసిన మనిషి ఇంకొకరు లేరని కాంతమ్మకు అప్పుడు అర్థమైంది. జాలి వేసింది. కాని నడక ఆపలేదు.

అమావాస్యనాడు మగవాళ్ళు రామమందిరం దగ్గర కూడారు. కాంతమ్మ వెలి మనిషి గనక రోడ్డుకు అవతలే నిలబడింది. వలల సంగతి, బోట్ల సంగతి మాట్లాడుకున్నారు. పొద్దు నడినెత్తి దాటింది. వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే ఆటోలు రెండు ఆగి వెళ్ళిపోయాయి, కూర్మారావు దిగలేదు. గోవిందు తువ్వాలు దులుపుకుని లేచాడు. కాంతమ్మ ఒక అడుగు ముందుకు వేసింది, నోరు కూడా తెరిచింది, మళ్ళీ పళ్ళు బిగించింది. నీ పేరు నా నోట రాదని పెద్దకొడుకు గడపలో అన్నది తానే. దానిని దాటడం మాట తప్పడమే.

అప్పుడు కనిపించాడు కూర్మారావు. ఆటోలో రాలేదు, పూండి నుంచి నడిచే వచ్చాడు. చేతిలో ఒక రేకు డబ్బా ఉంది. తిన్నగా అరుగెక్కి, గోవిందు ఎదుట నిలబడ్డాడు.

"మావా, గంగమ్మ పలక మీద బట్ట తీసింది నాను. జీడినూనె పూసింది నాను. నల్లబడింది దాని వల్ల. ధనరాజు తప్పేటీ లేదు. ఆరోజు సెప్పలేదు, భయపడ్డాను. ఇప్పుడు సెప్తన్నాను."

అందరూ ఒక్కసారే అరిచారు.

"తమ్ముడి కోసం కట్టుకథ!"

"జీడినూనంటే మాకు తెల్దేటి? అది మొదట్నించీ నలుపే కదా! ఆరోజు మొకం నిగనిగలాడింది!"

"నీ అమ్మ నేర్పినాదేట్రా ఈ పాఠం?" అన్నాడు గోవిందు. కళ్ళల్లో ఎరుపు తిరిగింది.

కూర్మారావు డబ్బా మూత తీసి నూనెను అందరికీ చూపాడు. అది నిజంగానే తేనెలా ఉంది. అరుగు పక్కన పడి ఉన్న తెడ్డు విరిగిన ముక్క తీసుకుని, తన తువ్వాలు కొస ముంచి, సగానికి పూశాడు. ఆ చెక్క ఇంకా అందంగా మెరిసింది.

"ఇది నీ ఇంటి అరుగు మీదే ఎట్టుకో మావా. ఎండలో ఎట్టు. ఎవుల్నీ ముట్టుకోనీకు. నీ కళ్ళతోనే సూడు. నల్లబడకపోతే నన్ను సముద్రంలో ముంచీ."

గోవిందు ఆ ముక్కను తీసుకున్నాడు. తీసుకోకుండా ఉండలేకపోయాడు. "అంతవరకూ వెలి వెలే" అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే బంగాళాఖాతం మీద మబ్బు పట్టింది. మర్నాడూ ఎండ లేదు, ఆ మర్నాడూ లేదు. సన్నటి తుంపర. కూర్మారావు పలాస వెళ్ళలేదు. తల్లి ఇంట్లో, ఆమె వెలిలో తానూ ఒక భాగం తీసుకుని ఉండిపోయాడు. బోరింగు నుంచి బిందెలు తనే మోశాడు. కుర్రాళ్ళు వెనక నుంచి ఈలలు వేస్తే తల తిప్పలేదు. రోజుకు పదిసార్లు గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసేవాడు.

"పోనీ, ఎండ రాకపోతే?" అన్నాడొకసారి.

"వచ్చినప్పుడే వత్తాది. నీ తమ్ముడు నెల పైగా సూసేడు" అంది కాంతమ్మ. అని, లేచి తానూ గుమ్మంలోకి వెళ్ళి ఆకాశం చూసింది. గోవిందు ఇంటివైపు చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా మెడ అటే తిరిగేది.

మబ్బు విడిచిన పూట ఎండ గట్టిగా కాసింది. మరునాడు ఇంకా గట్టిగా. మూడోనాడు కాంతమ్మ పొయ్యి ముందు ఉండగా వాకిట్లో ఎవరో పిలిచారు.

"ఒలె కాంతం!"

బొడ్డమ్మ నిలబడి ఉంది. కోడితో కాదు, తనతోనే మాట్లాడుతోంది. పేటలో మొదట వెలి తెంచింది ఆవిడే. వీధిలో ఇద్దరు ముగ్గురు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

"రాయే. సూడు రా. సగం బొగ్గయిపోనాది."

గోవిందు ఇంటి ముందు అప్పటికే జనం చేరారు. తెడ్డుముక్క మీద నూనె పూసిన సగం గంగమ్మ మొహంలా నల్లబడి ఉంది. పూయని సగం చెక్కరంగులోనే ఉంది. గోవిందు దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కాంతమ్మ వచ్చేసరికి తలెత్తాడు.

"అయితే నా గుంటడెందుకు పోనాడు, కాంతం?" అన్నాడు గోవిందు. "తల్లికి కోపం రాకపోతే, నా గుంటడెందుకు పోనాడు?"

కాంతమ్మ అరుగు దగ్గరకు వచ్చింది.

"నాకు తెల్దు బావా. నా మొగుడెందుకు పోనాడో కూడా నాకు తెల్దు. అందరం తాగిన నీళ్ళే తాగేడు, ఆడే పోనాడు. తెల్దని నీ కొడుకు మీద తప్పెట్టేనా? తెల్దని నా ఏడుపు నానేడిసేను. నువ్వు నీ ఏడుపు నా కొడుకుతో ఏడిపించేవు. రాయమన్నది నువ్వు. మైల లేదన్నది నువ్వు. ఆ మాట ఆరోజెందుకు అనలేదు బావా?"

గోవిందు తెడ్డుముక్కను పక్కన పెట్టి లేచాడు.

"అవును, అన్నాను" అన్నాడు. జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "రాయమన్నది నానే. మైల లేదన్నది నానే. ఆరోజు సెప్పలేదు." తరవాత మెల్లగా, "నానూ భయపడ్డాను" అన్నాడు.

"అయితే మరి పెద్దోడికేటి శిచ్చ?" ఎవడో కుర్రాడు వెనక నుంచి అడిగాడు. "ఆడూ తప్పు సేసేడు కదా! సిన్నోడిని తీసి పెద్దోడిని వెయ్యండి వెలి!"

కాంతమ్మ వెనక్కి తిరిగింది. "వెయ్యండి. ఎయ్యాలంటే ఎయ్యండి. కానీ ఆడు మీకు సేసిన తప్పు ఒక్క గుడ్డముక్కంత. మిగతాదంతా తమ్ముడికి సేసినాడు. దానికి శిచ్చ ఎయ్యాల్సినోడు టెక్కలిలో ఉన్నాడు. ఆడిని పిలవండి. నెత్తి మీద రాయి ఒక కొడుకు మీదనుంచి తీసి ఇంకో కొడుకు మీద ఎడితే, దాన్ని నాను న్యాయం అనను."

డప్పు ఆ సాయంత్రమే మోగింది. వెలి తీసేశామని వీధి వీధికీ ఆగి చాటారు. గోవిందు ఇంట్లో కూర్చోలేదు. డప్పు వెనకే చెప్పుల్లేకుండా నడిచాడు.

ధనరాజు వెంటనే రాలేదు. కబురు అందాక కూడా షెడ్డులో పని ముగించుకునే వచ్చాడు. గుడి ముందు, ఇసకలో, నల్లబడిన పలకను బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. పేటలో సగం మంది దూరంగా నిలబడి ఉన్నారు. ఏ శిక్ష వేస్తాడోనని ఎదురుచూస్తున్నారు. కూర్మారావు పలక పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ధనరాజు అన్నవైపు చూడలేదు. సంచిలోంచి ఒక ఇనుప గీకుడుబిళ్ళ, గరుకు కాగితాలు తీసి పలక మీద పడేశాడు.

"గీకు" అన్నాడు.

కూర్మారావు గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పొర పెళుసుగా లేస్తోంది, దాని వెంట రంగూ లేస్తోంది. తమ్ముడు రాసిన ముక్కుపుడక లేచినప్పుడు అతని చేయి ఆగింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇక కదల్లేదు.

"ఇవి ఉంచీనా?"

"ఏటి ఉంచుతావు? అంతా నల్లగున్నాది. గీకు."

గీకాడు. చెమటా కన్నీళ్ళూ కలిసి పలక మీద పడుతుంటే భుజంతో మొహం తుడుచుకుంటూ గీకాడు. ధనరాజు కాసేపు చూసి, రెండో గరుకు కాగితం తీసుకుని అవతలి కొస నుంచి రుద్దడం మొదలుపెట్టాడు.

"నోరు రాలేదురా ఆరోజు" అన్నాడు కూర్మారావు, తలెత్తకుండా.

"తెలుసు."

"నువ్వు సూత్తన్నావని తెలుసు నాకు. తెలిసే నేలకేసి సూసేను."

ధనరాజు రుద్దడం ఆపలేదు. "అడ్డంగా కాదు, సెక్క వరస వెంబడి రుద్దు. గీతలు పడిపోతన్నాయి" అన్నాడు.

పొద్దు వాలేవేళకు పలక బోసిగా, లేత రంగులో బయటపడింది. పాత తెప్ప దుంగ తాలూకు వరసలు నీటిమీద కెరటాల్లా కనిపించాయి. చూసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడు రాస్తావని గోవిందు అడగబోతే బొడ్డమ్మ అతని చేయి పట్టుకుని ఆపింది. రాస్తానని ధనరాజు అనలేదు, రాయనని కూడా అనలేదు.

అన్న దుమ్ము ఊదుతుంటే ధనరాజు పలక మీదకు వంగాడు. బొటనవేలు ఒకచోట ఆనించి, చెక్క వరస వెంట మెల్లగా పైకి జరిపి, మళ్ళీ వంపుగా కిందికి దించాడు. అది కనుబొమ్మ పోయే దారి. వేలు కొద్దిగా వణికింది, కాని దారి తప్పలేదు.

కాంతమ్మ చూసింది. చూసినట్టు తెలిస్తే ఆ వేలు ఆగిపోతుందేమోనని గభాలున మొహం సముద్రం వైపు తిప్పుకుంది.